కిరాయింటి షరతు

ఆ ఎండాకాలమంతా ఏం చేశావని ఎవరైనా అడిగితే, నిలబడ్డానని చెప్తాను. కౌంటర్ల ముందు నిలబడ్డాను. టూలెట్ బోర్డులు వేలాడే గేట్ల ముందు నిలబడ్డాను. కరెంటు ఎప్పుడొస్తుందా అని జిరాక్సు సెంటర్ల ముందు నిలబడ్డాను. కూర్చోమన్నవాళ్ళే తక్కువ, కూర్చోమన్న చోట కుర్చీ ఉండేది కాదు.

మాది నెక్కొండ దగ్గర పల్లె. కొంచెం పత్తి, కొంచెం మిర్చి. మా అత్తమ్మకు రెండు కిడ్నీలూ పనిచేయడం మానేసి అప్పటికి ఏడాది దాటింది. వారానికి మూడుసార్లు డయాలసిస్. పొద్దున్నే ఇంత వండి పెట్టి, ఆమెను రైలెక్కించి, వరంగల్లో దింపి, ఆటోలో దవాఖానకు తీసుకుపోయేదాన్ని. మాకిచ్చిన టైము మధ్యాహ్నం తర్వాత. మిషను మీంచి దిగేసరికి పొద్దు గూకేది. ఒంట్లో రక్తమంతా ఒకసారి బయటికి పోయి లోపలికొచ్చిన మనిషి ఎంత అలసిపోతుందో చూస్తేగాని తెలియదు. ఆమెను ప్లాట్‌ఫారం మీద బెంచీ చూసి పడుకోబెట్టి, రైలు కోసం ఎదురుచూసేదాన్ని. ఆ రైలు ఎప్పుడొస్తుందో రైలుకే తెలియదు.

ఒకరోజు స్టేషన్ మెట్లు దిగుతూ కళ్ళు తిరిగి పడిపోయింది. మోకాలు చీరుకుపోయింది. మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరు ఆ మోకాలు చూశాడు, తర్వాత నా మొహం చూశాడు. "ఎన్ని రోజులు ఇట్లా తిప్పుతావమ్మా? హన్మకొండలో కొత్త సెంటర్ పెట్టారు. పొద్దుటి షిఫ్టులో జాగా ఉంది. నడిచిపోయేంత దూరంలో ఇల్లు తీసుకో. ఇట్లనే తిరిగితే జబ్బుతో కాదు, ఈ తిరుగుడుతోనే పోతది ఆమె" అన్నాడు. అత్తమ్మ పక్కనే ఉంది. విననట్టు కిటికీ వైపు చూసింది.

అట్లా మొదలైంది మా వలస. మా ఆయనకు పొలం వదిలి రావడం కుదరదు. మా బిడ్డ గురుకులంలో ఉండి చదువుకుంటోంది. ఇక మిగిలింది నేనూ, అత్తమ్మా. పది పాసైన పాపానికి ఆఫీసు పనులన్నీ మొదటి నుంచీ నా నెత్తి మీదే ఉన్నాయి. "నువ్వైతే నిమ్మళంగ అడుగుతవు, నాకు జల్ది కోపమొస్తది" అనేవాడు మా ఆయన. నాకు కోపం రాదట! నా కోపం సంగతి మా వాడకట్టులో కోళ్ళకు కూడా తెలుసు.

ఇల్లు వెతకడంలో మొదటి ప్రశ్న "మీరేందోళ్ళు?" కులం చెప్పి గట్టెక్కితే రెండోది, "ఎంతమంది ఉంటరు?" నేనూ మా అత్తమ్మా, ఇద్దరమే అంటే మొహాలు విచ్చుకునేవి. నీళ్ళు ఎక్కువ ఖర్చు కావు, గోడల మీద గీతలు గీసే పిల్లలు లేరు, తాగొచ్చే మగాడు లేడు. గదులు చూపించేవాళ్ళు, బోరు నీళ్ళ సంగతి చెప్పేవాళ్ళు. ఆ తర్వాత "ఊరిడిసి ఎందుకస్తాండ్రు?" అని అడిగేవాళ్ళు. డయాలసిస్ అన్న మాట నా నోట్లోంచి పూర్తిగా వచ్చేలోపే తెరిచిన తలుపు మూసేవాళ్ళు. ఒకాయన నిన్ననే ఎవరికో మాటిచ్చానన్నాడు, నెత్తి మీద బోర్డు వేలాడుతూనే ఉంది. ఇంకొకావిడకు అప్పటికప్పుడు చెల్లెలి కుటుంబం రావాల్సి వచ్చింది. అసలు మాట ఎవరూ అనరు. "రేపు ఏమన్న అయితే..." అని సగంలో ఆపి, మిగతా సగం మనల్నే అనుకోమంటారు.

ఆ మిగతా సగం నాకు తెలియనిది కాదు. మా దిక్కు ఇంట్లో మనిషి పోతే పంతులు నక్షత్రం చూస్తాడు. నక్షత్రం మంచిది కాదంటే ఇల్లు పాడుపెట్టాలి. అంటే తాళం వేసి, పంతులు చెప్పినన్ని నెలలు దీపం పెట్టకుండా వదిలేసి, ఇంటిల్లిపాదీ వేరేచోట బతకాలి. సొంత మనిషి కోసమైతే ఎవరైనా పడతారు ఆ తకలీబు. కిరాయివాళ్ళ చావు కోసం ఓనర్లు ఎందుకు పడతారు? అందుకే కిరాయింట్లో ప్రాణం పోయేటట్టుంటే ముందే బయటికి తీసుకుపొమ్మంటారు. దవాఖానలో పోయిన మనిషిని గేటు లోపలికి రానివ్వరు. రోడ్డు మీద టెంటు వేసుకుని ఏడ్చినవాళ్ళను నేను కళ్ళారా చూశాను. లోకంలో ఉన్నదేనని సర్దుకోవచ్చు. కానీ ఆ మనిషి ఇంకా బతికుండి, మన పక్కనే నిలబడి, వాళ్ళ గడపలోకి తొంగి చూస్తుంటే ఎట్లా సర్దుకోను?

చివరికి దొరికిన ఇల్లు ఒక షావుకారమ్మది. బజారులో కిరాణా దుకాణం నడిపిన ఆమె భర్త పోయాడు. మేడ మీద ఆమె ఒక్కతే ఉంటుంది, కింద రెండు గదులు కిరాయికి. అక్కడి నుంచి డయాలసిస్ సెంటర్‌కు అత్తమ్మ మెల్లగా నడిచిపోగలదు. ఆ రోజు కూడా అత్తమ్మ నా వెంటే ఉంది, దాచడానికేమీ లేదు. చేతికి పట్టీ, మొహంలో నెత్తురు చుక్క లేదు. ఓనరమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, అప్పుడు అన్నది.

"సూడు బిడ్డా, నాకు కడుపుల దాసుకునుడు తెల్వదు. మా ఆయన పోయినప్పుడు నక్షత్రం మంచిగ లేదన్నరు. ఆర్నెల్లు ఇల్లు పాడువెట్టిన. గింత ఇల్లు పెట్టుకోని మా అక్క ఇంట్ల ఓ మూలకు పన్న. ఆ బతుకు మల్ల నాతోని కాదు. మీకు ఇల్లియ్యనీకి నాకేం బాధ లేదు. గని ఈమెకు ఏమన్న అయ్యేటట్టుంటే ముందుగాలనే తీస్కపోవాలె. అయినంక గేటు లోపటికి తేవద్దు. గిది ఒప్పుకుంటెనే తాళం చెవులిస్త."

"లే అత్తమ్మా, పోదాం" అని లేచాను. అత్తమ్మ నా కొంగు పట్టుకుని గుంజి కూర్చోబెట్టింది. ఆమె చేతిలో అంత బలం ఇంకా ఉందని నాకు తెలియదు.

"నువ్వన్నది నాయమే అమ్మా. నీ ఇల్లు, నీ ఇష్టం" అన్నది ఓనరమ్మతో. "నేను మాటిస్తాన్న. నా పానం నీ గేటు లోపట పోదు. నా కోడలు తిరిగి తిరిగి సస్తాంది. జర ఇల్లియ్యి."

సంతలో బెండకాయలు బేరమాడినట్టు తన చావును బేరమాడేసింది. ఓనరమ్మ లేచి తాళం చెవులు తెచ్చింది. తర్వాత, "సరే మరి, మూఢం రాకముందే మంచి రోజు సూస్కోని పాలు పొంగిచ్చుకోండ్రి" అన్నది. నేను ఎవరి మొహమూ చూడలేదు. తాళం చెవులు మాత్రం తీసుకున్నాను. తీసుకోక ఏం చేస్తాను? ఇంకో గేటు ముందు నిలబడే ఓపిక నాకు లేదు.

మా ఆయన ట్రాలీ ఆటోలో సామాను తెచ్చి దించి, సాయంత్రం బండికే ఊరికి పోయాడు. మిర్చి కల్లంలో ఎండుతున్న రోజులు, వాన పడితే పంట పోతుంది. పాలు అత్తమ్మే పొంగించింది. అవి పొంగి పొయ్యి మీద పడుతుంటే పిల్లలాగా సంబరపడింది. తాగే నీళ్ళు కూడా కొలిచి తాగాల్సిన మనిషి కాబట్టి, తన వంతు పాలు నాకే పోసింది.

అప్పుడు మొదలైంది అసలు తిరుగుడు. కొత్త సెంటర్ వాళ్ళు చెప్పింది ఒక్కటే ముక్క. ఆరోగ్య కార్డు మీద ఇక్కడి అడ్రసు ఉండాలి, అప్పుడే పేరు ఎక్కుతుంది. ఆ కార్డు మీద అడ్రసు మారాలంటే ఆధార్ మీద మారాలి. ఆధార్ మీద మారాలంటే కిరాయి అగ్రిమెంటు కావాలి. అగ్రిమెంటు నా పేరు మీద ఉంది, జబ్బు అత్తమ్మది. ఆధార్ సెంటర్‌లో ఆయన కళ్ళద్దాల పైనుంచి చూస్తూ, "ఈమె మీకేమైతది?" అని అడిగాడు.

"మా అత్తమ్మ."

"మీరు కోడలన్న దానికి ఏమన్న కాగితం ఉన్నదా?"

"ఇన్నేండ్ల సంది ఈమెతోని తిట్లు తింటాన్న సారు, అది సాలదా?" అన్నాను. లైన్లో అందరూ నవ్వారు. అత్తమ్మ అందరికన్నా ఎక్కువ నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు, రేషన్ కార్డు తెమ్మన్నాడు. రేషన్ కార్డు ఊళ్ళో ఉంది. మా ఆయన బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపిస్తే, బస్టాండులో నిలబడి తీసుకున్నాను. మర్నాడు వేలిముద్రలు పడలేదు. జీవితమంతా మిర్చి ఏరిన వేళ్ళు, గీతలెక్కడుంటాయి? చెయ్యి కడుక్కొమ్మన్నారు, తుడుచుకొమ్మన్నారు, గట్టిగా నొక్కమన్నారు. చివరికి కళ్ళు చూపించమన్నారు. ఇంకోపక్క గ్యాసు కనెక్షన్ ఊరి నుంచి ఇక్కడికి మార్చుకోవాలి. దాని కోసం ఖాళీ సిలిండరుతో నేను బస్సెక్కితే కండక్టరు నన్నే బాంబులాగా చూశాడు. తల ప్రాణం తోకకు రావడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు.

ఇంట్లో మాత్రం ఒక వింత జరుగుతోంది. అత్తమ్మకూ ఓనరమ్మకూ దోస్తీ కుదిరింది. పొద్దున ఓనరమ్మ మెట్లు దిగి పూలకొస్తే, అత్తమ్మ అరుగు మీద కూర్చుని, "ఇయ్యాల ఏం నక్షత్రమమ్మా?" అని అడిగేది. ఓనరమ్మ క్యాలెండర్ చూసొచ్చి చెప్పేది. "మంచిదేనా?" అనేది అత్తమ్మ. "మంచిదే" అంటే, "అయితే ఇయ్యాల ఫికర్ లేదు, పోయినా మంచిగనే పోత" అని నవ్వేది. ఓనరమ్మ "ఛీ, అవేం మాటలు!" అంటూనే నవ్వేది. నేను లోపలి నుంచి గిన్నెలు గట్టిగా చప్పుడు చేసేదాన్ని. వాళ్ళకు నవ్వులాట, నాకు గుండెదడ.

ఆధార్ మీద అడ్రసు మారింది. ఇక ఆరోగ్య కార్డు మీద మారడమే మిగిలింది. అయిపోయినట్టే కదా అని పాత దవాఖానలో అత్తమ్మ పేరు తీయించాను. అక్కడ తీసేస్తేనే ఇక్కడ ఎక్కుతుందని రెండు చోట్లా చెప్పారు మరి. తీసేసిన కాగితం పట్టుకుని కొత్త సెంటర్‌కు పోతే కంప్యూటర్ చూసి, "కార్డు మీద ఇంకా పాత అడ్రసే చూపిస్తాందమ్మా, మారినంక రా" అన్నారు. మరి అప్పటిదాకా? "పాత జాగల్నే చేయించుకో" అన్నారు. పాత చోటికి పరిగెత్తితే, "నీ పేరిక్కడ లేదు గదమ్మా, నిన్న నువ్వే తీపిచ్చుకున్నవు" అన్నారు. ఈ రెండు మాటల మధ్య ఒక డయాలసిస్ తప్పిపోయింది. మరీ ఆయాసమొస్తే ఎమర్జెన్సీకి తీసుకుపొమ్మన్నారు. అత్తమ్మ పాదాలు ఉబ్బాయి. మొహం నీరు పట్టింది. ఆ రాత్రి నేను కన్ను మూయలేదు.

మర్నాడు పొద్దున ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముందు దవాఖానకు పోదామంటే వినలేదు. "నాకేం కాలే. నువ్వు పోయి ఆ కాగితం పని చూడు. ఈ ఒక్కటి అయితే ఇగ మనకు తిరుగుడు లేదన్నవు గద" అన్నది. నేను మేడ మీదికి వెళ్ళి, "అమ్మా, జర చూస్తుండు, గంటలో వస్త" అని చెప్పి బయటపడ్డాను. గంటలో ఎక్కడొస్తాను? మీసేవలో సర్వర్ డౌన్. వస్తుందన్నారు, వచ్చింది, మళ్ళీ పోయింది. మధ్యాహ్నమైంది. ఆపరేటర్ టిఫిన్ డబ్బా తీశాడు. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"నీ సర్వర్‌కు తీరిక దొరికేదాకా మా అత్తమ్మ బతకాలె గద! తినయ్యా తిను, మంచిగ తిను!" అని అరిచాను.

అతనికీ కడుపు కాలుతూనే ఉండి ఉంటుంది. డబ్బా మూత పెట్టేసి, "నేనేం చేద్దునక్కా, పైనుంచే వస్తలేదు. ఉండు, మల్ల చూస్త" అన్నాడు. తినకుండా కూర్చుని నొక్కుతూ పోయాడు. చాలాసేపటికి కార్డు తెరుచుకుంది, కొత్త అడ్రసు ఎక్కింది, ప్రింటు వచ్చింది. అతనికి దండం పెట్టి ఆటో కోసం ఉరికాను.

మా గల్లీ మలుపు తిరిగేసరికి ఓనరమ్మ కనిపించింది. చెప్పుల్లేకుండా, నెత్తిన ఎండతో, చేతిలో నీళ్ళ చెంబుతో రోడ్డు మీద నిలబడి ఉంది. ఆమెకు ఎదురుగా, రోడ్డుకు అవతల, కరెంటు స్తంభానికి ఆనుకుని మా అత్తమ్మ కూర్చుని ఉంది. నోరు తెరుచుకుని ఊపిరి కోసం కొట్టుకుంటోంది.

"ఎంత పిలిచినా లోపటికి వస్తలేదు బిడ్డా!" అని ఓనరమ్మ ఏడుపు గొంతుతో అన్నది. "దేవుని దగ్గర కూసున్న, చూడలే. బయటికొచ్చి చూసెవరకు గిక్కడున్నది. పట్టుకుంటె చెయ్యి ఇడిపిచ్చుకుంటాంది."

నేను ఆటోలోంచి దూకాను. "నీకేమన్న మతి పోయిందా అత్తమ్మా! గీ ఎండల గిక్కడెందుకు కూసున్నవ్?"

"అరవకు" అన్నది. ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి. "నాకేందో అయితాంది. నా పని అయిపోయిందనుకున్న. లోపట పోతే... నీకు ఇల్లు పోతది. మాటిచ్చిన గద."

"గోడ పక్కన నీడ లేదా? రోడ్డు దాటి ఎందుకొచ్చినవ్?"

"గోడ సుత ఆమెదే గద బిడ్డా."

తలుపుకు తాళం వేసి, చెవి కొంగున ముడేసుకుని మరీ వచ్చింది. ఆ ఊపిరితో గది నుంచి గేటు దాకా, గేటు నుంచి రోడ్డు అవతలి దాకా ఎట్లా నడిచిందో నాకు ఈరోజుకీ అర్థం కాదు. నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఆమె మీద, ఓనరమ్మ మీద, పొలం వదలని మా ఆయన మీద, అందరికన్నా ఎక్కువ నా మీద. తిడుతూనే ఆమెను ఆటోలోకి ఎత్తాను. ఓనరమ్మ అత్తమ్మ కాళ్ళు పట్టి ఎక్కించింది. "మల్ల ఇంకో ఇల్లు దేవులాడాలంటే నీతోని కాదు, నీ చెప్పులు చూడు ఎట్లరిగినయో" అని దారిలో గొణుగుతూనే ఉంది అత్తమ్మ.

కొత్త సెంటర్‌లో నర్సు ఆమెను చూడగానే స్ట్రెచర్ మీదికి తీసుకుని లోపలికి తోసుకుపోయింది. ఆక్సిజన్ పెట్టారు, మిషనుకు ఎక్కించారు. నేను చేతిలో కాగితం పట్టుకుని తలుపు దగ్గర నిలబడే ఉన్నాను. ఎవరూ దాన్ని అడగలేదు. ఎప్పటికో కౌంటర్ అమ్మాయి వచ్చి తీసుకుని, జిరాక్సు ఉందా అని అడిగింది. అడగకుండానే ఎక్కించేవాళ్ళయితే నిన్ననే ఎందుకు ఎక్కించలేదని అడుగుదామనుకున్నాను. అడిగే శక్తి లేక జిరాక్సు ఇచ్చాను.

ఆ రాత్రి అక్కడే ఉంచుకుని పొద్దున పంపించారు. ఊపిరి సర్దుకుంది, మొహంలో నీరు దిగింది. ఇకనుంచి వారానికి మూడుసార్లు పొద్దుటి షిఫ్టు మాదే. ఆటో మా గేటు ముందు ఆగింది. నేను గడియ తీయబోతే అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. మేడ మీద పిట్టగోడ పట్టుకుని ఓనరమ్మ చూస్తోంది. అత్తమ్మ తలెత్తి, "తగ్గిందమ్మా. లోపటికి రావచ్చునా?" అని అడిగింది.

ఓనరమ్మ మెట్లు దిగడం మొదలుపెట్టింది. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఒక్కో మెట్టు దగ్గర ఆగి దిగుతుంది. ఖాళీ చేయమంటుందని నాకు తెలిసిపోయింది. ఆమె దిగి వచ్చేలోపు నేను మనసులో మళ్ళీ గల్లీలన్నీ తిరగడం మొదలుపెట్టాను. ఆమె వచ్చింది, గేటు తీసింది, అత్తమ్మ చెయ్యి పట్టుకుంది.

"నువ్విచ్చిన మాట నాకొద్దు, వాపసు తీస్కో" అన్నది. "మల్లొకసారి గిట్ల బయటికి పోయి కూసున్నవంటే ఆ దినమే ఇల్లు ఖాళీ చేయిస్త, సూడు!"

అత్తమ్మకు అర్థం కాలేదు. నా వైపు తిరిగి, "ఏమంటాంది బిడ్డా?" అని అడిగింది.

"ఇంట్లనే చావుమంటాంది" అని చెప్పి, ఆ గేటు పట్టుకుని నిలబడ్డచోటే గట్టిగా ఏడ్చేశాను.